అయిదున్నర నెలల పాపకి నిజంగా కావలసిన సామాను ఏది? ఇల్లంతా బొమ్మలే, ఆడేది మాత్రం గరిటెతో

నిద్రలేని_నాన్న
మా పాపకి అయిదున్నర నెలలు. పుట్టినప్పటి నుంచి వచ్చిన కానుకలు రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. తొండం నొక్కితే పాడే ఏనుగు, లైట్లు వెలిగే ఫోను, చక్రాల గుర్రం, ఏ జంతువో మాకే తెలియని ఇంకో బొమ్మ. ఒక్కదాన్నీ తిన్నగా రెండు నిమిషాలు చూడదు. నిన్న మా ఆవిడ వంటింట్లోంచి చెక్క గరిటె తెచ్చి పక్కన పెట్టింది. అంతే, ఇరవై నిమిషాలు ఇంట్లో పిల్ల ఉన్నట్టే లేదు.

ఇప్పుడు అసలు సమస్య. ఇంకో రెండు వారాల్లో ముద్దలు మొదలుపెట్టాలి. మా ఆవిడ నాలుగు చోట్ల చదివి ఒక జాబితా రాసింది, మొత్తం 23 వస్తువులు. సీసాల క్రిములు చంపే స్టెరిలైజర్, బాటిల్ వార్మర్, ముద్ద చేసే మిషన్, వల సంచీ ఫీడర్, బల్లకి అతుక్కునే గిన్నె, మూడు రకాల సిప్పర్లు (మూత ఉన్న పిల్లల కప్పులు), హై చైర్, అది కాక నేల మీద కూర్చోబెట్టే సీటు, వాకర్... ఇవన్నీ కొంటే పాపని పడుకోబెట్టడానికి చోటుండదు. వాడినవాళ్ళు చెప్పండి: ఏది రోజూ చేతికొచ్చింది, ఏది అటకెక్కింది?

అటక_నిండింది
మా ఇంటికి రండి. మీ 23లో 19 మా అటక మీదే ఉన్నాయి. రెండింటికి సీల్ కూడా తీయలేదు.

రెండో_కాన్పు_అమ్మ
పెద్దోడికి కనపడినవన్నీ కొన్నాను, చిన్నదానికి దాదాపు ఏమీ కొనలేదు. ఇద్దరూ ఒకేలా పెరిగారు, ఒకేలా గోడలకి పూశారు.

చిన్నదానికి రోజూ వాడినవి చెప్తాను. మెత్తటి అంచున్న చిన్న సిలికాన్ స్పూన్లు నాలుగు: ఒకటి దాని చేతికి, ఒకటి నా చేతికి, ఒకటి నేల మీద, ఇంకోటి కడిగి సిద్ధంగా. కింద జేబులా మడత ఉన్న సిలికాన్ బిబ్ ఒకటి. చేతికి ఇమిడే చిన్న కప్పు. తుడిస్తే శుభ్రమయ్యే హై చైర్. గుడ్డ బిబ్‌లు చొంగకి పనికొస్తాయి, తిండికి కాదు. ఒక్క పూటలో మరక పడితే జన్మలో పోదు.

ముద్ద చేసే మిషన్ మాత్రం వద్దు. దాన్ని విప్పి, కడిగి, ఆరబెట్టే లోపల ఫోర్కుతో మూడుసార్లు మెదపొచ్చు. పైగా అంత నున్నటి ముద్ద ఎన్నాళ్ళో పెట్టం, కొన్ని వారాలకే నోటికి కాస్త పలుకు తగలాలి.

కవలల_తల్లి
పై పోస్టుతో సగమే ఒప్పుకుంటా. ఇద్దరూ ఒకేసారి గుక్కపట్టి ఏడుస్తుంటే ఫోర్కుతో మెదపమనడం చెప్పినంత తేలిక కాదు. మా ఇంట్లో ఆ మిషన్ రోజుకి రెండుసార్లు తిరిగింది. స్టెరిలైజర్ కూడా అంతే. ఒక్క పిల్ల, అదీ ఎక్కువగా తల్లిపాలే అయితే, గిన్నెలో నీళ్ళు పోసి సీసా విడిభాగాలన్నీ మునిగేలా వేసి 5 నిమిషాలు మరిగిస్తే సరిపోతుంది. రోజుకి 14 సీసాలు కడిగినదాన్ని, నా దగ్గర ఆ మాట అనకండి.

నిద్రలేని_నాన్న
14! మీకో దండం. మరి బాటిల్ వార్మర్?

కవలల_తల్లి
అది మాత్రం నేనూ అటకెక్కించాను. లోతు గిన్నెలో వేడినీళ్ళు పోసి సీసాని అందులో నిలబెట్టినా అదే పని. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టొద్దు. సీసా పైకి గోరువెచ్చగానే తగులుతుంది, లోపల ఒకచోట పాలు నోరు కాలేంత వేడిగా ఉంటాయి. ఎలా వేడిచేసినా సీసా తిప్పి కలిపి, మణికట్టు మీద రెండు చుక్కలు వేసుకుని చూసి మరీ పట్టండి.

అర్ధరాత్రి_సీసా
సీసాల మాట వచ్చింది కాబట్టి నా అనుభవం. 3 నెలలు నిండగానే, ప్యాకెట్ మీద 3+ అని రాశారు కదా అని పాలపీక మార్చాం. రెండు గుటకలకే బాబుకి పొలమారింది, ముక్కులోంచి పాలు వచ్చేశాయి, వాడు కళ్ళు పెద్దవి చేసి నావంకే చూశాడు. సీసా వంచి చూస్తే పడుతున్నవి చుక్కలు కావు, సన్నటి ధార. ఆ రాత్రే పాతదానికి వెళ్ళిపోయాం. 7 నెలలు వచ్చేదాకా అదే వాడాం.

తర్వాత తెలిసింది ఏంటంటే, ఆ అంకెలకి అన్ని కంపెనీలకీ కలిపి ఒక కొలత అంటూ లేదు. ఒకరి 1వ నంబరు ఇంకొకరి 2 కన్నా జోరుగా కారొచ్చు. వయసు చూసి కాదు, తాగే తీరు చూసి మార్చాలి. లాగీ లాగీ పీక నొక్కుకుపోతోంది, విసుక్కుంటున్నాడు అంటే పెద్దది. దగ్గుతున్నాడు, మూతి పక్కల నుంచి కారుతోంది అంటే చిన్నది.

వార్డు_నర్సు
అర్ధరాత్రి_సీసా గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకొంచెం: పాపని కాస్త నిటారుగా ఎత్తుకుని, సీసాని నిలువుగా వంచేయకుండా దాదాపు అడ్డంగా పట్టుకోండి. మధ్యలో ఆపుతూ ఉండండి. చాలన్నప్పుడు అదే మొహం తిప్పుకుంటుంది. సీసాని దిండుకి ఆనించి వదిలేయడం మాత్రం ఎంత అలసిపోయినా చేయొద్దు. పొలమారితే చూసేవాళ్ళుండరు, చెవి ఇన్ఫెక్షన్లకీ అదొక కారణం.

డబ్బా పాలు కలిపేవాళ్ళకి. ఆ పొడి సూక్ష్మక్రిములు లేనిది కాదు. మరిగించిన నీళ్ళు మరీ చల్లారకముందే, 70 డిగ్రీల సెల్సియస్‌కి తగ్గకుండా ఉన్నప్పుడే పొడి కలపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తర్వాత సీసాని చల్లటి నీళ్ళలో పెట్టి తాగే వేడికి తేవాలి. తాగగా మిగిలినవి దాచి మళ్ళీ పట్టకండి.

జోడు_చెప్పులు
నాకు తెలిసి సిప్పర్ లేకుండా ఇల్లు గడవదు. కారకుండా ఉండే మూత ఉన్నది ఒకటి కొనండి, మంచాలు బతికిపోతాయి.

వార్డు_నర్సు
మంచాలు బతుకుతాయి, నిజమే. కానీ ఆ కారని మూతలో వాల్వు ఉంటుంది, సీసాలాగే గట్టిగా పీల్చాలి. అంటే కప్పులో తాగడం నేర్చుకోవట్లేదు, ఇంకో సీసా దొరికిందంతే. 6 నెలల నుంచి మామూలు కప్పుతో, అడుగున రెండు స్పూన్ల నీళ్ళు పోసి, మీరే పట్టుకుని పెదవికి తాకించండి. సగం గడ్డం మీదే పోతాయి, పోనివ్వండి. 6 నెలల లోపు మాత్రం విడిగా నీళ్ళు అక్కర్లేదు.

పుట్టగొడుగు
సిప్పర్ వాల్వు అన్నారు కదా, తింటున్నవాళ్ళు ఈ పోస్టు దాటేయండి. నాలుగు నెలలు రోజూ కడిగిన సిప్పర్. రోజూ అంటే రోజూ, బ్రష్షుతో. ఒకరోజు ఏదో వాసన తగిలింది. మూతలో ఉన్న తెల్ల సిలికాన్ బిళ్ళని గోటితో పైకి లేపితే అది ఊడివచ్చింది, అది ఊడుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. వెనక చుట్టూ నల్లగా, జిగటగా, కాటుక పూసినట్టు. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. అప్పటి నుంచి ఏది కొన్నా ముందు ఒకటే చూస్తాను: ఎన్ని ముక్కలుగా ఊడుతుంది, ప్రతి ముక్కలోకీ నా వేలు గానీ బ్రష్షు గానీ వెళ్తుందా. వెళ్ళకపోతే కొనను.

అటక_నిండింది
ఇప్పుడే లేచి మా సిప్పర్ విప్పి చూశాను. థాంక్సో, శాపమో ఏం చెప్పాలో తెలియట్లేదు.

రెండో_కాన్పు_అమ్మ
స్నానాల టబ్బులో వేసే రబ్బరు బాతులూ ఇదే బాపతు. కింద చిన్న కన్నం, నొక్కితే నీళ్ళు చిమ్ముతుంది. పెద్దోడి బాతుని ఒకరోజు గట్టిగా నొక్కితే నీళ్ళతోపాటు నల్లటి పొరలు వచ్చాయి. వాడు దాన్ని రోజూ నోట్లో పెట్టుకునేవాడు. ఈసారి కన్నం లేని బొమ్మలు, పేర్చే ప్లాస్టిక్ గిన్నెలు మాత్రమే కొన్నాను. ఆ పేర్చే గిన్నెలంత పనికొచ్చిన బొమ్మ ఇంకోటి లేదు. 6 నెలలప్పుడు నమిలింది, 9కి మేం పేరిస్తే తోసేసింది, ఏడాదికి నీళ్ళు పోసుకుంది, ఇప్పుడు తనే పేరుస్తోంది.

తాతయ్య_స్కేలు
నేను రిటైర్డ్ ఇంజనీరుని, ఇద్దరు మనవలు. బొమ్మ ఇంట్లోకి వస్తే ముందు నా బల్ల మీదికి రావాలి. 3 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకి ఒక పరీక్ష ఉంది. 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం, పసివాళ్ళ గొంతు కొలత అనుకోండి. బొమ్మ గానీ, దాంట్లోంచి ఊడిన ముక్క గానీ అందులో పూర్తిగా పట్టేస్తే పిల్లలకి ఇవ్వకూడదు. ఇంట్లో చేయాలంటే టిష్యూ పేపరు చుట్టలో మిగిలే అట్ట గొట్టం వాడండి. అది ఇంకాస్త వెడల్పు, కాబట్టి అందులో పట్టేది ఏదైనా పక్కన పెట్టేస్తే మనం భద్రతవైపే ఉంటాం.

మీ పాడే ఏనుగు గురించి ఒక ప్రశ్న. బ్యాటరీ అరకి స్క్రూ ఉందా, వేలితో తెరిచే మూతా?

నిద్రలేని_నాన్న
తాతయ్యగారూ, ఏనుగుకి స్క్రూ ఉంది. ఫోనుకి లేదు, గోరు పెడితే తెరుచుకుంది. లోపల మూడు బటన్ బ్యాటరీలు.

తాతయ్య_స్కేలు
ఆ ఫోను ఈ రాత్రికే తీసేయండి బాబూ. రేపు కాదు.

వార్డు_నర్సు
తాతయ్యగారి మాట వినండి. బటన్ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే 2 గంటల్లోనే లోపల తీవ్రంగా కాల్చేస్తుంది. మింగిందేమోనని అనుమానం వచ్చినా ఇంట్లో కూర్చుని చూడొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. చిన్న చిన్న అయస్కాంతాలు, నీళ్ళలో ఉబ్బే రంగుపూసలు కూడా అదే కోవ. పెద్ద పిల్లలున్న ఇళ్ళలో మరీ జాగ్రత్త, వాళ్ళ బొమ్మలే కదా కిందికి దొర్లేది.

నిద్రలేని_నాన్న
తీసేశాను. బ్యాటరీలకి టేపు చుట్టి పైన పెట్టాను. చేతులు కొంచెం వణికాయి, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

మొదటి_పన్ను
పళ్ళొచ్చేటప్పుడు కొరకడానికిచ్చే టీథర్ల మాట ఎవరూ ఎత్తలేదే? మా వాడికి ఆరో నెలలో మొదలైంది. ఒకటే చొంగ, రాత్రి నిద్ర లేదు, వేళ్ళన్నీ నోట్లోనే. నేనైతే లోపల నీళ్ళున్న రింగు ఒకటి కొని ఫ్రీజర్‌లో పెట్టాను. రాయిలా అయింది, చిగురుకి తగలగానే కెవ్వుమన్నాడు. ఫ్రిజ్‌లో కింద అరలో పెట్టాలట, ఫ్రీజర్‌లో కాదు. ఆ తర్వాత ఆ రింగు చీలి నీళ్ళు కారాయి, పారేశాను. ఇప్పుడు ఒకే ముక్కగా పోతపోసిన సిలికాన్‌ది. అన్నిటికన్నా నచ్చింది మాత్రం తడిపి, పిండి, చల్లబరిచిన చిన్న తువ్వాలు.

జోడు_చెప్పులు
అంబర్ (గట్టిపడిన చెట్టు జిగురు) పూసల దండ మెడలో వేస్తే నొప్పి తగ్గుతుందంటారుగా? మా చుట్టాలావిడ ఒకటి పంపింది.

వార్డు_నర్సు
వేయకండి. నొప్పి తగ్గిస్తుందనడానికి ఆధారం లేదు, మెడకి బిగుసుకునే ప్రమాదం, తెగితే పూసలు గొంతులో పడే ప్రమాదం మాత్రం ఉన్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో వీటి గురించి హెచ్చరించింది. బెంజోకెయిన్ అనే మొద్దుబార్చే మందు ఉన్న చిగుళ్ళ జెల్ కూడా 2 ఏళ్ళలోపు పిల్లలకి వాడొద్దని అదే ఏడాది చెప్పింది. శుభ్రమైన వేలితో చిగురు రుద్దండి, అంతకన్నా మంచి టీథర్ లేదు. కొరికితే నన్ను తిట్టుకోకండి.

ముగ్గురు_మొనగాళ్ళు
వాకర్ గురించి నా ఓటు: కొనండి. మా ముగ్గురూ వాకర్‌లోనే తిరిగారు, ముగ్గురూ చక్కగా నడిచారు. ఈ రోజుల్లో ప్రతిదానికీ భయపెడుతున్నారు.

కవలల_తల్లి
మీ ముగ్గురికీ ఏమీ కాలేదు, సంతోషం. మా వాడు ఒకే ఒక్కసారి, నేను గ్యాస్ కట్టేయడానికి వెనక్కి తిరిగిన ఆ కాసేపట్లో, గదికి ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళి బల్లమీది వేడి కప్పుని అందుకోబోయాడు. పాకే పిల్ల అంత వేగంగా రాదు, అంత ఎత్తు అందుకోదు.

తాతయ్య_స్కేలు
కెనడాలో 2004 నుంచి వాకర్ అమ్మడమే నిషేధం. పాతవి చేతులు మారడానికి కూడా వీల్లేదు.

ముగ్గురు_మొనగాళ్ళు
నిషేధం సంగతి తెలియదు. అయినా నడక తొందరగా రావడానికి సాయం కదా అది?

వార్డు_నర్సు
రాదండీ. కాలివేళ్ళ మీద తోసుకోవడం అలవాటవుతుంది, తన కాళ్ళు తనకే కనపడవు. నడకకి పనికొచ్చేది నేల. బోర్లా పడుకోబెట్టి, అందీ అందకుండా ఒక బొమ్మ పెట్టండి. ఆ చేతికందని జానెడు దూరమే పాకిస్తుంది.

ముగ్గురు_మొనగాళ్ళు
సరే, నాలుగోవాడు పుడితే చూద్దాం. పుట్టడు.

నిద్రలేని_నాన్న
వాకర్ కొట్టేశాను. వార్మర్, నేల సీటు, ఫీడర్ కూడా కొట్టేయనా? వల సంచీ ఫీడర్ గురించి ఎవరూ చెప్పలేదు.

పుట్టగొడుగు
కొట్టేయండి. దాంట్లో అరటిపండు ముక్క వేసి ఇచ్చాం. ఆ పూట బాగా చీకింది, ఫోటోలు కూడా తీశాం. కడగడం మర్నాడు పొద్దునకి వాయిదా వేశాం. పొద్దున ఆ వల కన్నాల్లో అరటిపండు సిమెంటులా గట్టిపడి, నల్లగా. టూత్‌బ్రష్షు, సూది, నానబెట్టడం, అన్నీ అయ్యాయి. చెత్తబుట్టే గతి.

మొదటి_పన్ను
సిలికాన్ చిల్లులది అయితే కాస్త నయం. కానీ చీకడం తప్ప నమలడం రాదు దాంతో.

జోడు_చెప్పులు
అతుక్కునే గిన్నె? మాకు బాగా పనిచేసింది.

అటక_నిండింది
మీ బల్ల నున్నటిదై ఉంటుంది. మాది గరుకు చెక్క. గిన్నె అతుక్కున్నట్టే కనిపిస్తుంది, సరిగ్గా నిండా వడ్డించాక ఊడుతుంది. అంచు కింద లాగడానికి ఒక నాలుక ఉంటుంది చూశారా, పెద్దవాళ్ళ కోసమని. మా వాడు దాన్ని రెండో రోజే కనిపెట్టాడు.

రెండో_కాన్పు_అమ్మ
ఇంకోటి. సిలికాన్ సామాను ఘాటు వాసన సబ్బుతో కడిగితే ఆ వాసన పట్టేసుకుంటుంది, ముద్ద కూడా సబ్బు రుచి వస్తుంది. పిల్ల ఎందుకు మొహం చిట్లిస్తోందా అని నేను స్పూన్ నాకి చూస్తే అప్పుడు అర్థమైంది. మరిగే నీళ్ళలో కాసేపు ఉడికించి, వాసన లేని సబ్బుకి మారాను.

తాతయ్య_స్కేలు
హై చైర్ కొనేటప్పుడు అందరూ రంగు, దిండు చూస్తారు. చూడవలసింది కాళ్ళు పెట్టుకునే పలక. పాదాలు గాల్లో వేలాడుతుంటే పిల్ల ఒంటిని నిలబెట్టుకోవడానికే బలమంతా పోతుంది, ఇక తినేదెప్పుడు? మాదానికి పలక చాలా కిందికి ఉంటే ఒక చెక్కముక్క బిగించాను. రెండోది బెల్టు, కాళ్ళ మధ్య నుంచి వచ్చేది తప్పకుండా ఉండాలి. దిండు ఎంత తక్కువుంటే అంత మంచిది, కడిగేవాళ్ళకి తెలుస్తుంది.

వార్డు_నర్సు
కుర్చీ ఏదైనా, మొదలుపెట్టే ముందు పాప తల నిలుపుతోందా, ఆసరాతో కూర్చుంటోందా, స్పూన్ పెడితే నాలుకతో బయటికి తోసేయకుండా ఉంటోందా చూసుకోండి. ఏడాది లోపు తేనె ఒక్క చుక్క కూడా నాకించకండి.

ఓకరించడానికీ గొంతుకి అడ్డం పడటానికీ తేడా తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఓకరించినప్పుడు చప్పుడు ఉంటుంది, దగ్గు, ఓక్ ఓక్, మొహం ఎర్రబడటం. తనే బయటికి తెచ్చుకుంటుంది, వేలు పెట్టి వెతకొద్దు. గొంతుకి అడ్డం పడితే చప్పుడు ఉండదు, దగ్గలేదు, ఏడవలేదు. అప్పుడు ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి భుజాల మధ్య వీపు మీద 5 దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య 5 నొక్కులు. పక్కవాళ్ళని అంబులెన్స్‌కి ఫోన్ చేయమనండి. చదివితే రాదు, నేర్పేవాళ్ళ దగ్గర బొమ్మ మీద ఒకసారి చేసి చూడండి.

నిద్రలేని_నాన్న
క్లాసుకి ఇద్దరం పేర్లు ఇచ్చాం. 23 కాస్తా 6 అయ్యాయి: స్పూన్లు, బిబ్, కప్పు, కుర్చీ, పేర్చే గిన్నెలు, ఒక టీథర్. మా ఆవిడ ఏడోది కావాలంటోంది, అతుక్కునే గిన్నె. మా బల్ల నున్నగానే ఉంటుంది మరి.

అటక_నిండింది
నాలుక ఉన్నదే కొంటారు, రాసిపెట్టుకోండి.

నిద్రలేని_నాన్న
రెండున్నర నెలల తర్వాత వచ్చాను. పాపకి 8 నిండాయి.

గిన్నె కొన్నాం. మొదటి వారం రాయిలా నిలబడింది. తర్వాత ఒక పూట పాప తినడం ఆపి, వంగి, గిన్నె అడుగంతా వేలితో చుట్టూ తడిమింది. నాలుక దొరికింది. నావంక ఒకసారి చూసి లాగింది. టప్ మని చప్పుడు, ముద్దంతా నా చొక్కా మీద. ఇప్పుడు తిండికన్నా ఆ టప్పే ఇష్టం. కప్పులో మూడు గుటకలు తాగుతోంది, నాలుగోది ఊదేస్తుంది.

ఏనుగు కూడా అటక దిగింది. తొండం నొక్కదు, గరిటెతో కొడుతుంది, అది పాడుతుంది. గుడ్డ కింద దాచితే గుడ్డ లాగి వెతుక్కుంటోంది, ఇది పోయిన నెల లేదు.

రెండో_కాన్పు_అమ్మ
దాచితే వెతుకుతోందంటే ఇక మీ ఫోన్లు, తాళాలు కూడా జాగ్రత్త. గిన్నెలు?

నిద్రలేని_నాన్న
పేర్చడం మా పని, కూల్చడం దానిది. రోజుకి ఎన్నిసార్లో లెక్కపెట్టడం మానేశాను.

తాతయ్య_స్కేలు
కుర్చీ పలక ఎత్తు సరిచూశారా?

నిద్రలేని_నాన్న
చూశాను తాతయ్యగారూ, పాదాలు ఆనుతున్నాయి. ఆనించి తంతోంది.

కవలల_తల్లి
ఇంతకీ ఆ చెక్క గరిటె వంటింటికి తిరిగి వెళ్ళిందా లేదా?

నిద్రలేని_నాన్న
లేదు. వంటకి ఇంకోటి కొనుక్కున్నాం.